భూమి ఎందుకు వేడెక్కుతోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పడం నా వృత్తి. ఎండలు ముదిరాయంటే చాలు, తరగతి గదిలోనూ పెళ్లి పందిట్లోనూ రైలు పెట్టెలోనూ ఇవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి. అడిగేవారిలో రైతులు, ఇంజినీర్లు, తోటి ఉపాధ్యాయులు అందరూ ఉన్నారు. అప్పటికప్పుడు రెండు ముక్కల్లో చెప్పలేకపోయిన జవాబులను ఇక్కడ తీరిగ్గా రాశాను.

వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కదా, ఇప్పుడు కొత్తేముంది?

ఈ ప్రశ్నలో సగం చిక్కు మన మాటలోనే ఉంది. భూమిని చుట్టుకుని ఉన్న గాలినీ వాతావరణమే అంటాం. "ఈ పూట వాతావరణం చల్లగా ఉంది" అన్నప్పుడు ఆ పూట ఎండో మబ్బో మనసులో ఉంటుంది. "వాతావరణ మార్పు" అన్నప్పుడు మాత్రం ముప్పై ఏళ్ల సగటు లెక్కలోకి వస్తుంది. ఈ మూడో అర్థానికి పాఠ్యపుస్తకాల్లో శీతోష్ణస్థితి అనే చక్కని మాట ఉంది, కానీ వాడుకలో పెద్దగా నిలవలేదు. అందుకే జనవరిలో ఆదిలాబాద్‌లో చలి వణికిస్తే "వేడెక్కుతోందన్నారు, మరి ఇదేమిటి?" అని అడుగుతారు. ఒక రాత్రి చలి ముప్పై ఏళ్ల సగటును తారుమారు చేయలేదు.

ఇక పాత మార్పుల సంగతి. మంచుయుగాలు వచ్చాయి, పోయాయి. భూమి కక్ష్య, అక్షం వంపు వేల ఏళ్లలో కొద్దికొద్దిగా మారడమే వాటికి మూలమని సెర్బియా శాస్త్రవేత్త మిలాంకోవిచ్ లెక్కగట్టాడు. గత మంచుయుగం నుంచి బయటపడేటప్పుడు భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కడానికి సుమారు పది వేల ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఒకటింబావు డిగ్రీ దాకా పెరగడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. అందులోనూ ఎక్కువ భాగం 1970 తర్వాతే. పైగా కక్ష్య లెక్కల ప్రకారం భూమి ఇప్పుడు మెల్లగా చల్లబడుతూ ఉండాలి.

ఊరి చెరువు వానకూ నిండుతుంది, కాలువ నీరు వదిలితేనూ నిండుతుంది. ఈసారి ఎందుకు నిండిందో తెలియాలంటే వాన పడిందా, తూము ఎత్తారా అని వెళ్లి చూడాలి. శాస్త్రవేత్తలు చేసింది అదే.

కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని ఎవరు చూశారు?

ముందు మీకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. పుష్యమాసంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి కొరికేస్తుంది, తెల్లారేసరికి గడ్డి మీద మంచు. అదే మబ్బు పట్టిన రాత్రి దుప్పటి కాళ్ల దగ్గరికి తన్నేస్తాం. పగలు కాగిన నేల రాత్రి తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి పంపుతుంది. మబ్బు వాటిని పీల్చుకుని కొంత కిందికి తిప్పి పంపుతుంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ మబ్బు లేకుండానే ఆ పని చేస్తాయి.

దీన్ని కొలిచి చూపినవారు ఉన్నారు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ రెండు గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి, ఒకదానిలో మామూలు గాలి, మరోదానిలో కార్బన్ డయాక్సైడ్ నింపి ఎండలో ఉంచింది. రెండోది బాగా ఎక్కువ వేడెక్కింది, నీడలోకి తెచ్చాక చల్లారడానికీ చాలాసేపు పట్టింది. గాలిలో ఈ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాసింది. ఆమె పత్రాన్ని సభలో చదివింది మాత్రం మరొకరు, ఒక పురుషుడు. మూడేళ్లకు జాన్ టిండాల్ ప్రయోగశాలలో పరారుణ కిరణాల మీదే పరీక్షించి కారణం తేల్చాడు. 1896లో స్వీడన్‌కు చెందిన అరీనియస్, ఈ వాయువు రెట్టింపైతే అయిదారు డిగ్రీలు పెరుగుతుందని కాగితం మీద లెక్క వేశాడు. నేటి అంచనా సుమారు 3 డిగ్రీలు. కంప్యూటర్ లేని రోజుల్లో అంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

గాలిలో అది 0.04 శాతమే కదా, అంత కొంచెం ఏం చేయగలదు?

తెల్లబట్టలకు నీలిమందు పెట్టే ఇల్లు ఉంటే చూడండి. బకెట్ నీళ్లలో నాలుగు చుక్కలు వేస్తే నీళ్లన్నీ నీలం. ఎంత వేశాం అన్నదానికంటే ఆ నీళ్లలో రంగున్నది ఇంకేమైనా ఉందా అన్నది చూడాలి. గాలిలో 99 శాతం నత్రజని, ఆక్సిజన్. పరారుణ కిరణాలకు ఆ రెండూ స్వచ్ఛమైన నీళ్లలాంటివి, అడ్డు చెప్పవు. పని చేసేదంతా మిగిలిన ఆ కాస్తే. ఇలా వేడిని పట్టి ఉంచే హరితగృహ వాయువులు అసలు లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు ఉండేది, ఉన్నందుకే 15 దాకా ఉంది.

పారిశ్రామిక విప్లవానికి ముందు పది లక్షల గాలి అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ అణువులు 280. చార్లెస్ కీలింగ్ 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. అంటే ఉన్నదానికి మరో సగం చేర్చాం.

నీటి ఆవిరే అన్నిటికన్నా పెద్ద హరితగృహ వాయువు అంటారు, దాని గురించి మాట్లాడరేం?

నిజమే, పెద్దదే. కానీ ఆవిరి గాలిలో పది రోజులకు మించి నిలవదు, వానై రాలిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే మరో 7 శాతం ఆవిరిని మోయగలదు. ముందు కార్బన్ డయాక్సైడ్ వేడెక్కిస్తే, ఆవిరి వెనకే వచ్చి ఆ వేడిని ఇంకా పెంచుతుంది.

పెరిగిన ఆ వాయువు మనుషులదేనని ఎలా తెలుసు? అగ్నిపర్వతాలదో, సముద్రానిదో కావచ్చు గదా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. జవాబు నేరపరిశోధనలా ఉంటుంది.

గాలిలోని కార్బన్‌కు మూడు రూపాలున్నాయి. కార్బన్-12 తేలిక, కార్బన్-13 కాస్త బరువు, కార్బన్-14 రేడియోధార్మికం. మొక్కలు తేలికైన కార్బన్-12ను ఎక్కువగా తీసుకుంటాయి. బొగ్గు, పెట్రోలు ఒకప్పటి జీవపదార్థమే కాబట్టి వాటిలో కార్బన్-13 వాటా తక్కువ. కార్బన్-14 మాత్రం 5,730 ఏళ్లకోసారి సగమైపోతుంది. కోట్ల ఏళ్లు నేలలో పడి ఉన్న బొగ్గులో అది చుక్క కూడా మిగలదు. ఇప్పుడు గాలిలో పెరుగుతున్న కార్బన్ ఎక్కడిదో చూడండి. గాలిలో కార్బన్-13 వాటా ఏటేటా తగ్గుతోంది, అంటే ఆ కార్బన్ మొక్కల వంశానిది. అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరగకముందే, 1950లలో, కార్బన్-14 వాటా పలచబడడాన్ని చెట్టు వలయాల్లో కనిపెట్టారు, అంటే ఆ కార్బన్ చాలా పాతది. పాతదీ, మొక్కల వంశానిదీ అయినది బొగ్గూ చమురే.

రెండో సాక్ష్యం ఆక్సిజన్. ఏదైనా మండాలంటే ఆక్సిజన్ ఖర్చవుతుంది. గాలిలో ఆక్సిజన్ ఊపిరికి ఇబ్బంది లేనంత స్వల్పంగా తగ్గుతోంది, ఆ తగ్గుదల మనం కాల్చే ఇంధనాల లెక్కకు సరిపోతోంది. దీన్ని దశాబ్దాలుగా కొలుస్తున్నది చార్లెస్ కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్. అగ్నిపర్వతం వదిలే వాయువు అయితే ఆక్సిజన్ ఖర్చయ్యేదే కాదు.

ఇక జమాఖర్చు. బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి ప్రపంచం ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. అగ్నిపర్వతాలన్నీ కలిపి వదిలేది ఇందులో నూరో వంతు కూడా ఉండదు. సముద్రం ఇచ్చే పక్షంలో లేదు, మనం వదిలినదానిలో కొంత తానే మింగుతోంది. అందువల్లే దాని నీటి ఆమ్లత్వం పెరుగుతోంది.

సూర్యుడే వేడెక్కుతున్నాడేమో?

ఉపగ్రహాలు 1978 నుంచి సూర్యుడి వెలుగును కొలుస్తున్నాయి. పదకొండేళ్లకోసారి 0.1 శాతం హెచ్చుతగ్గులే తప్ప పెరుగుదల లేదు. భూమి అత్యంత వేగంగా వేడెక్కింది ఈ కాలంలోనే.

ఇంతకన్నా బలమైన రుజువు ఆకాశంలో ఉంది. సూర్యుడు కారణమైతే గాలి పొరలన్నీ పైనుంచి కిందికి వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింది పొర వేడెక్కి, పైనున్న స్ట్రాటో ఆవరణం చల్లబడాలి. ఇలా జరుగుతుందని స్యుకురో మనాబే 1967లోనే, కొలతలు రాకముందే లెక్కగట్టాడు. తర్వాత బెలూన్లు, ఉపగ్రహాలు కొలిస్తే అలాగే తేలింది. 2021లో మనాబేకు భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

ఓజోన్ పొరకు చిల్లు పడడం వల్లే కదా ఎండలు పెరిగింది?

తెలుగునాట నేను ఎక్కువసార్లు విన్న పొరపాటు ఇది. చదువుకున్నవారి నోటి నుంచే ఎక్కువగా విన్నాను. బడిలో ఓజోన్, భూతాపం ఒకే పాఠంలో పక్కపక్కనే రావడంతో రెండూ కలిసిపోయి ఉంటాయని నా అనుమానం. "చిల్లు పడింది, ఎండ లోపలికి వస్తోంది" అనే బొమ్మ మనసుకు సులువుగా పట్టుకుంటుంది కూడా.

ఓజోన్ ఆపేది అతినీలలోహిత కిరణాలను. అది పలచబడితే చర్మ కాన్సర్, కంటి శుక్లాలు పెరుగుతాయి. భూమి మీదికి చేరే వేడి మాత్రం దానివల్ల చెప్పుకోదగ్గంత పెరగదు. ఆ చిల్లు ఉన్నది అంటార్కిటికా పైన, మన నెత్తిన కాదు. 1985లో దాన్ని కనిపెట్టారు. 1987లో మాంట్రియల్ ఒప్పందంతో, ఓజోన్‌ను తినేసే క్లోరోఫ్లోరోకార్బన్ల తయారీకి కళ్లెం పడింది. ఇప్పుడది మెల్లగా మానుతోంది. చిల్లే కారణమైతే భూమి ఈపాటికి చల్లబడడం మొదలుపెట్టాలి. ఆ క్లోరోఫ్లోరోకార్బన్లు వేడిని పట్టి ఉంచే వాయువులు కూడా కావడం ఒక్కటే రెండు కథలకూ ఉన్న చుట్టరికం.

పొగ, దుమ్ము, కాలుష్యం వల్ల వేడెక్కుతోందా?

ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. గంధకం కలిసిన పొగ, సన్నని ధూళి ఎండను తిప్పికొట్టి భూమిని చల్లబరుస్తాయి. మసి ఒక్కటే వేడిని పెంచుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలి గంధకం పైకి చిమ్మితే, మరుసటి ఏడాది భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడింది. 1901 నుంచి 2018 దాకా భారతదేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదికలో తేల్చింది. ప్రపంచ సగటు కన్నా ఇది తక్కువ. మన గాలిలోని మురికి కొంత వేడిని కప్పిపుచ్చడం ఇందుకు ఒక కారణం. ఆ మురికి మన ఊపిరితిత్తులను తినేస్తోంది కాబట్టి దాన్ని వదిలించుకోక తప్పదు. వదిలించుకున్నకొద్దీ దాగిన వేడి బయటపడుతుంది.

హైదరాబాద్ కాంక్రీటు, ఏసీలు కారణం కావా?

నగరం పక్క ఊరికన్నా వేడిగా ఉండడానికి అవే కారణం. కానీ పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా చేరింది సముద్రాల్లోకి. అక్కడ కాంక్రీటు లేదు.

మనుషులూ పశువులూ వదిలే ఊపిరి మాటేమిటి? వరి మీద కూడా నింద వేస్తున్నారు!

మనం వదిలే ఊపిరిలోని కార్బన్ నిన్న తిన్న అన్నంలోది, ఆ అన్నం గింజ దాన్ని నిరుడు గాలి నుంచే తీసుకుంది. తీసుకున్నదే తిరిగి ఇస్తున్నాం, కొత్తగా కలిపింది లేదు.

పశువుల నెమరులో, నీరు నిలిచిన వరి మడిలో పుట్టే మీథేన్ వేరే లెక్క. ఇరవై ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. గోదావరి డెల్టా రైతుకు ఇది చేదుగా అనిపించవచ్చు గానీ, నిందగా తీసుకోనక్కర్లేదు. మడిలో నీళ్లు ఎప్పుడూ నిలపకుండా తడీ ఆరుదలా మార్చి మార్చి పెడితే మీథేన్ బాగా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. ప్రపంచం మొత్తం చూస్తే పెద్ద దోషి బొగ్గూ చమురూ గ్యాసే.

శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదట కదా?

ఉంది. గట్టిగా ఉంది. ఉన్నదని బయట జనం అనుకునే ఏకాభిప్రాయానికీ, శాస్త్రవేత్తల్లో నిజంగా ఉన్నదానికీ మధ్య అగాధం ఉండడమే నన్ను ఎక్కువ బాధించే సంగతి.

2004లో నయోమీ ఒరెస్కెస్ 928 పరిశోధన పత్రాల సారాంశాలు చదివి చూస్తే, మనుషులే కారణమన్నదాన్ని కాదన్నది ఒక్కటీ కనిపించలేదు. 2013లో జాన్ కుక్ బృందం సుమారు పన్నెండు వేల సారాంశాలు పరిశీలించింది. కారణం గురించి మాట్లాడినవాటిలో 97 శాతం మనుషుల వైపే వేలు చూపాయి. 2021లో మరో బృందం ఇటీవలి పత్రాలు చూసి 99 శాతానికి పైనే అంది.

"కుక్ బృందం చూసినవాటిలో మూడింట రెండు వంతుల పత్రాలు కారణం గురించి ఏమీ చెప్పలేదు గదా" అని ఒక మిత్రుడు నిలదీశాడు. నిలదీయదగ్గ ప్రశ్నే. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంతకుముందు ఆ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. ఆ పేరుకు ఇటాలియన్‌లో అర్థమే అది. ఇవాళ మలేరియా మందు మీద పత్రం రాసేవారు "ఇది దోమల వల్ల వస్తుంది" అని మొదట ప్రమాణం చేయరు. తేలిపోయినదాన్ని ఎవరూ ప్రతిసారీ రుజువు చేయరు.

ఈ నిర్ధారణ ఒక్క రోజులోనూ రాలేదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1988లో ఏర్పడిన వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ 1995లో మనుషుల ప్రభావం "గుర్తించగలిగేలా ఉంది" అని మాత్రమే అంది. 2001లో మరో మెట్టు, 2007లో మరొకటి, 2013లో ఇంకొకటి ఎక్కి, 2021 నాటికి "నిస్సందేహం" అంది. అప్పటికి పెరిగిన 1.1 డిగ్రీలలో 1.07 మన వాటా అని లెక్క చెప్పింది. 2005లో పదకొండు దేశాల సైన్స్ అకాడమీలు కలిసి ఇదే హెచ్చరిక చేస్తే, సంతకం చేసినవాటిలో మన భారత జాతీయ విజ్ఞాన శాస్త్ర అకాడమీ ఉంది.

అంత స్పష్టంగా ఉంటే జనంలో ఇంత సందేహం ఎక్కడిది?

కొంత సందేహాన్ని పనిగట్టుకుని పండించారు. 1969లో ఒక అమెరికా సిగరెట్ కంపెనీ లోపలి పత్రంలో "సందేహమే మన సరుకు" అనే అర్థం వచ్చే మాట ఉంది. ఆ ఉపాయమే తర్వాత చమురుకూ అంటుకుంది. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివర, 80లలో వేసిన ఉష్ణోగ్రత అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశీలన చూపింది. బయట ఆ కంపెనీ దశాబ్దాల పాటు అనుమానాలే ప్రచారం చేసింది.

ఇంకొంత బాధ్యత చర్చా వేదికలది. కాదనే ఒకరినీ, అవుననే ఒకరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే చూసేవారికి లెక్క సగంసగం అనిపిస్తుంది.

హిమాలయాల మంచు 2035కే కరిగిపోతుందని ఐపీసీసీ తప్పు రాసింది కదా, మిగతాది ఎలా నమ్మాలి?

రాసింది, 2007 నివేదికలో. మన భూగర్భ శాస్త్రవేత్తలు ప్రశ్నించారు, 2010లో ఐపీసీసీ తప్పు ఒప్పుకుంది. దాచిపెట్టదగ్గ విషయం కాదు. ఆ తప్పు పర్యవసానాల గురించి రాసిన సంపుటంలోని ఒక పేరాలో ఉంది. కారణాన్ని తేల్చింది మరో సంపుటం. హిమానీనదాలు కరుగుతున్న మాటా నిజమే, ఆ తేదీ ఒక్కటే తప్పు. పట్టుకున్నదీ శాస్త్రవేత్తలే.

1970లలో వీళ్లే మంచుయుగం వస్తుందన్నారట?

కొన్ని పత్రికలు రాశాయి. 1965 నుంచి 1979 దాకా వచ్చిన పరిశోధన పత్రాలను లెక్కపెడితే, చల్లబడుతుందన్నవి 7, వేడెక్కుతుందన్నవి 44.

విజయవాడ వరద, వడగాడ్పులు, సునామీ, అన్నిటికీ ఇదే కారణమా?

సునామీకి, భూకంపానికి కాదు. వరద విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. వేడెక్కిన గాలి ఎక్కువ ఆవిరి మోస్తుంది కాబట్టి కుండపోతలు పెరుగుతాయి. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు గండ్లు, ఆక్రమణలు, ఇరుకైన దారి కూడా కారణాలే. అన్నిటినీ భూతాపం మీదికి నెట్టేస్తే కాలువ గట్టు చూసుకోవలసినవారు తప్పించుకుంటారు. వడగాడ్పుల సంగతి మరింత స్పష్టం. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఎప్పుడో అన్నారు, ఎండ కొత్తది కాదు. సగటు పైకి జరిగిన మేరకు, ఒకప్పుడు అరుదైన ఎండ తరచు వస్తుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఎండలో పని మానలేని కూలీలు, వృద్ధులు.

చెట్లు నాటితే సరిపోదా?

చెట్లు నాటండి, నీడ కోసమైనా నాటండి. లెక్క మాత్రం తెలిసి ఉండాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 750 గ్రాములు, అందులో కార్బన్ 640 గ్రాముల దాకా. మండేటప్పుడు ప్రతి కార్బన్ పరమాణువు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను కలుపుకుంటుంది కాబట్టి బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.3 కిలోలు. పోసిన బరువుకు మూడు రెట్లు. పిల్లల చేత బోర్డు మీద ఈ లెక్క చేయిస్తే, బండి తాళం తిప్పే ప్రతిసారీ గుర్తొస్తోందని ఒక విద్యార్థిని చెప్పింది. అడవుల నరికివేత వాటా మనుషులు వదిలేదానిలో పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది. మిగతాది ఇంధనాలదీ, సిమెంటుదీ.

శాస్త్రవేత్తలకు ఇంకా తేలనివి లేవా?

ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పెరిగేది రెండున్నర డిగ్రీలా, నాలుగా? మేఘాలు ఎటు మొగ్గుతాయి? మన నైరుతి రుతుపవనాలు జిల్లా జిల్లాకూ ఎలా మారతాయి? వీటి మీద సదస్సుల్లో హోరాహోరీగా వాదించుకుంటారు. కారణం ఎవరన్నది ఆ వాదాల్లో లేదు.

మా నాన్న సింగరేణిలో పనిచేస్తారు. తప్పు మా నాన్నదా?

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకరోజు పీరియడ్ అయిపోయాక, అందరూ వెళ్లేదాకా ఆగి అడిగాడు. కాదని చెప్పాను. గోదావరి లోయ బొగ్గు పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కిందటి అడవి. ఆ చెట్లు లక్షల ఏళ్లు దాచిన కార్బన్‌ను 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైనప్పటి నుంచి మనందరం కాల్చుకున్నాం. తరగతి గదిలో తిరుగుతున్న ఫ్యాను కూడా అందులో భాగమే. సగటు భారతీయుడు ఏడాదికి వదిలేది రెండు టన్నుల చిల్లర, సగటు అమెరికన్ వదిలేది పద్నాలుగు దాకా. ఈ అంకెలు వాడి నోటు పుస్తకంలో రాసిచ్చాను.

అప్పుడు వాడు, "మరి గని మూసేస్తే నాన్న ఏ పని చేస్తారు?" అన్నాడు. ఆ జవాబు భౌతికశాస్త్రంలో లేదని చెప్పాను. సింగరేణి సంస్థే ఇప్పుడు సౌరవిద్యుత్ కేంద్రాలు పెడుతోందని, అక్కడ ఎవరికి పని దొరుకుతోందో నాన్నను అడిగి రమ్మన్నాను.